గోచీ, పళ్ళెం, పాతిక ఆసులు

అమ్మాయీ,

రోమన్ చట్టం మీద నీ వ్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. రోమన్ న్యాయదేవత కళ్ళకు గంతలున్నాయట! ఆ గంతలు రోమన్లు కట్టినవి కావమ్మా, పదిహేనో శతాబ్దం చివర యూరప్ బొమ్మల్లోకి వచ్చి చేరాయి. రెండో పేజీకి ఒళ్ళు మండింది. పోలీసులు దొంగను పట్టి ప్రభుత్వ న్యాయవాదికి అప్పగించారని రాశావు. క్రీ.పూ. 450 నాటి రోమ్‌లో ఆ ఇద్దరూ లేరు. దొంగతనం సొమ్ము పోయినవాడి గొడవ. ఎదుటివాడు విచారణకు రానంటే సాక్షులను పిలిచి, పట్టుకుని ఈడ్చుకురావలసిందీ వాడే. ముసలివాడో రోగిష్ఠో అయితే ఎక్కి రావడానికి పశువునివ్వాలి. పరుపు వేసిన బండి మాత్రం అక్కర్లేదని రోమ్ తొలి లిఖిత చట్టమైన పన్నెండు ఫలకాల శాసనం!

పోయిన వస్తువునూ తగిలిన దెబ్బనూ చూపకుండా చట్టం గురించి రాయకూడదని నా మొండిపట్టు. పొరుగింట్లో తన సొమ్ముందని అనుమానం వస్తే రోమన్ గోచీ పెట్టుకుని, చేతిలో పళ్ళెంతో వెళ్ళి వెతకాలి. ఇది వాళ్ళ న్యాయవేత్త గైయస్‌కే నవ్వులాటగా తోచింది. నీ వ్యాసంలో ఆ పళ్ళెం లేదు, ‘వైభవం’ మాత్రం ఏడుసార్లుంది.

స్వతంత్రుడి ఎముక విరిస్తే 300 ఆసులు, అంటే రోమన్ కంచు నాణేలు; బానిసదైతే 150. ‘ఎముక ఒకటే, ధర సగం’ అన్నావే, అది మంచి వాక్యం. దాని వెంట మూడు విశేషణాలు ఎందుకు తగిలించావు?

చిన్న దెబ్బకు 25 ఆసులు. తర్వాత నాణెం విలువ పడిపోయింది. లూషియస్ వెరాటియస్ అనేవాడు దారిన పోయేవాళ్ళ చెంపలు వాయిస్తూ నడిచేవాడు. వెనకే బానిస సంచీ విప్పి పాతిక ఆసులు లెక్కపెట్టి ఇచ్చేవాడు. అందుకే న్యాయవ్యవహారాలు చూసే అధికారులైన ప్రీటర్లు ఆ ధర వదిలేసి, దెబ్బను బట్టి పరిహారం కట్టించే పద్ధతి తెచ్చారని రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ రాశాడు. నలభై ఏళ్ళ కిందట నా వ్యాసంలో ఈ కథనే ఒక వారపత్రిక సంపాదకుడు కోసేశాడు. ‘చరిత్రలో చెంపదెబ్బలేమిటండీ’ అన్నాడు. సంవత్సరాలు మాత్రం మిగిల్చాడు. ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు. ఇప్పుడు ఆ సంపాదకుల వారసులు ‘ఆసక్తికరంగా ఐదు అంశాలు’ అడుగుతున్నారు. ఏం చెప్పను!

క్రీ.పూ. 149లో శాశ్వత న్యాయస్థానం వచ్చింది, నిజమే. కానీ అది హంతకుల కోసం కాదు, రాష్ట్రాలను దోచుకున్న అధికారుల కోసం. ఆ పేరా మళ్ళీ రాయి.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలనీ అడిగావు. ముందు ఆ బానిస సంచీ విప్పనీ. తిరగరాసింది కాగితానికి ఒకవైపే, పెద్ద అక్షరాలతో పంపు. వచ్చే నెల నాకు శుక్లాల ఆపరేషన్.