హోమ్ పార్టీలో అమ్మకం తగ్గితే లోటు మన డబ్బుతో పూడ్చాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒకరి ఇంట్లో తెలిసినవాళ్లని పిలిచి, వస్తువులు చూపించి అమ్మే హోమ్ పార్టీ గురించి రాశారు. 14 మందిని పిలిస్తే 5 మందే వచ్చారు. వాళ్లలో ముగ్గురు కొన్నారు, అవీ చిన్న వస్తువులే. తన ఇంట్లో పార్టీ పెట్టిన హోస్ట్‌కి గిఫ్ట్ రావాలంటే ఆ అమ్మకం సరిపోదు. మిగతా మొత్తానికి మీ పేరు మీదే ఆర్డర్ పెట్టేయమని టీమ్ లీడర్ చెబుతున్నారు. పెట్టాలా వద్దా అని అడిగారు.

వద్దండి. ఆ ఆర్డర్ పెట్టకండి.

నేను ఈ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదటి రెండేళ్లలో మూడుసార్లు అలా పూడ్చాను. అప్పట్లో చర్మానికి రాసుకునే క్రీములు, లోషన్లు అమ్మేదాన్ని. మొదటిసారి హోస్ట్ మొహం చూడలేక పెట్టాను. రెండోసారి నెల టార్గెట్ కోసం. మూడోసారి, కంపెనీలో అప్పటికే అందుకున్న లెవెల్ (హోదా) చేజారిపోతుందన్న భయంతో. ఆ సరుకంతా మంచం కింద అట్టపెట్టెల్లో చేరింది. వచ్చే పార్టీలో అమ్మేద్దాంలే అనుకునేదాన్ని. తీరా ఆ పార్టీకి వచ్చినవాళ్లు అడిగేది వేరే రకం. ఏడాదిన్నర తర్వాత పెట్టెలు తీసి చూస్తే సగానికి పైగా వాటికి గడువు తేదీ దాటిపోయింది. ఆ మూడు నెలల కమీషన్ మొత్తం కలిపినా ఆ సరుకు ఖరీదులో మూడో వంతుకి రాలేదు.

డబ్బు పోయిందన్న బాధ కంటే ఇంకోటి నన్ను ఎక్కువ దెబ్బతీసింది. లెక్కల్లో ఆ మూడు నెలలూ నేను బాగా అమ్మినట్టే కనబడింది. దాంతో పార్టీల్లో ఎక్కడ తప్పుతోందో వెతకాలన్న ఆలోచన కూడా రాలేదు. తక్కువ అమ్మకం వచ్చినప్పుడు ఆ అంకె మనకు ఏదో చెబుతుంది. సొంత డబ్బుతో దాన్ని కప్పేస్తే ఆ చెప్పేది వినబడదు.

ఇది మీకో నాకో మాత్రమే ఎదురైన సంగతి కాదు. 1979లో అమెరికాలో వ్యాపారాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మనలాగే మనుషుల ద్వారా సరుకు అమ్మే ఆమ్‌వే కంపెనీ కేసులో తీర్పు ఇస్తూ, అది పిరమిడ్ పథకం (అమ్మకం కంటే కొత్తవాళ్లని చేర్చడం మీదే డబ్బు వచ్చే మోసం) కాదని చెప్పడానికి లెక్కలోకి తీసుకున్నవాటిలో ఆ సంస్థ పెట్టుకున్న మూడు నియమాలు ఉన్నాయి. బోనస్ కావాలంటే ఆ నెల కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మి ఉండాలి. నెలకు కనీసం 10 మంది వినియోగదారులకు అమ్మాలి. పని మానేసేవాళ్ల దగ్గర మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలి. బోనస్ కోసం సరుకు కొని ఇంట్లో పేర్చుకోవడం అంత పెద్ద సమస్య కాబట్టే ఆ నియమాలకు అంత విలువ వచ్చింది. మీ సంస్థలో ఇలాంటి నియమాలు ఉన్నాయేమో ఒప్పంద పత్రంలో చూడండి. ముఖ్యంగా అమ్ముడుపోని సరుకు వాపసు తీసుకుంటారా, ఎన్నాళ్ల లోపు, ఎంత కోత పెట్టి, అన్నది. టీమ్ లీడర్ నోటిమాట మీద ఆధారపడకండి. మీరు పెట్టే ఆర్డర్ మీద ఆవిడకీ వాటా వస్తుంది. ఆవిడ చెడ్డవారని నేను అనడం లేదు, కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ సలహాని పక్కన పెట్టి మీ లెక్క మీరు చూసుకోవాలి.

ఇప్పుడు పార్టీ సంగతి. మీ అంకెలు నాకు మరీ అంత దిగులుగా అనిపించలేదు. వచ్చిన ఐదుగురిలో ముగ్గురు కొన్నారంటే మీరు చూపించిన తీరు బాగానే ఉంది. 14 మంది వచ్చి ముగ్గురే కొని ఉంటే వేరేలా మాట్లాడేదాన్ని. మనుషులు రాకపోవడం, వచ్చినవాళ్లు కొనకపోవడం రెండు వేర్వేరు జబ్బులు, మందు కూడా వేరు. మీది మొదటిది. అందుకే ప్రతి పార్టీకి మొత్తం అమ్మకం ఒక్కటే రాసుకోకండి. ఎంతమందిని పిలిచారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొన్నారు, తలకి సగటున ఎంత, కొత్త బుకింగ్‌లు (తమ ఇంట్లో పార్టీ పెడతామన్నవాళ్లు) ఎన్ని, ఈ ఐదూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. నాలుగైదు పార్టీలు అయ్యేసరికి ఎక్కడ లోపముందో తెలిసిపోతుంది.

మనుషులు రాకపోవడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం పిలిచిన పద్ధతే. హోస్ట్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెడుతుంది. అందరూ చూస్తారు, ఇద్దరు బొమ్మ పెడతారు. ఎవరో ఒకరు వెళ్తారులే అని ప్రతివాళ్లూ అనుకుంటారు. అదే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, 'నువ్వు పోయినసారి అడిగావు కదా, ఆ వస్తువు చూపిస్తున్నారు, నీకోసమే పిలుస్తున్నాను' అంటే మనిషి కదులుతుంది. హోస్ట్‌కి ఇది మనం చెబితేనే తెలుస్తుంది. నేను ఇప్పుడు పార్టీకి పది రోజుల ముందు హోస్ట్‌తో ఒక అరగంట కూర్చుంటాను. పిలిచే పేర్లన్నీ కాగితం మీద రాయిస్తాను. కావాల్సిన సంఖ్యకి రెండింతలు రాయమంటాను, ఎందుకంటే వస్తామన్నవాళ్లలోనూ కొందరికి ఆ రోజు ఏదో ఒకటి అడ్డుపడుతుంది. ముందురోజు మళ్లీ ఒక ఫోన్. తేదీ నెలాఖరులో పడకుండా చూస్తాను, ఎవరి చేతిలోనూ డబ్బుండదు. ఆ అరగంట ఎగ్గొట్టిన ప్రతిసారీ ఖాళీ కుర్చీలే చూశాను.

కొనకపోవడం గురించి కూడా కొంచెం చెబుతాను, మీకు ముందుముందు పనికొస్తుంది. ఇంట్లో పార్టీ పెట్టి అమ్మే పద్ధతి అంతగా పాకడానికి ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ టప్పర్‌వేర్ పెద్ద కారణం. ఆ డబ్బాల మూత గాలి పోకుండా ఎలా బిగించాలో షాపులో చూసేవాళ్లకి తెలిసేది కాదు, అందుకని పెద్దగా అమ్ముడుపోలేదు. ఇళ్లలో నలుగురి మధ్య చేతికిచ్చి చూపించడం మొదలుపెట్టాక కొనేవాళ్లు పెరిగారు. 1951లో ఆ కంపెనీ షాపుల నుంచి సరుకు తీసేసి పూర్తిగా హోమ్ పార్టీలకే మారింది. ఆ పార్టీల వెనక ఉన్న బ్రౌనీ వైజ్ 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రం మీద కనిపించిన మొదటి మహిళ. ఆవిడ గురించి తెలుసుకున్నాకే నా డెమోలో తప్పు నాకు కనబడింది. నేను నలభై నిమిషాలు మాట్లాడేదాన్ని, వస్తువులన్నీ నా చేతిలోనే ఉండేవి. ఇప్పుడు ఆరేడు వస్తువులకి మించి తీసుకెళ్లను. మొదటి ఐదు నిమిషాల్లోనే వాళ్ల చేతుల్లో పెట్టేస్తాను. వాళ్లు పట్టుకుని, తెరిచి, మూసి, పక్కవాళ్లతో మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో అడిగినవాటికి జవాబు చెబుతాను.

చివర్లో 'ఎవరికి ఏం కావాలి?' అని అందరి ముందూ అడగకండి. ఎవరో ఒకరు 'నాకిప్పుడేం వద్దు' అంటారు, మిగతావాళ్లకీ అదే సులువవుతుంది. క్యాటలాగ్, ఆర్డర్ ఫారం, పెన్ను ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వండి. తర్వాత పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. మొహమాటానికి కొన్నవాళ్లు తర్వాత రద్దు చేస్తారు, చాలా దేశాల్లో చట్టం కూడా వాళ్లకి ఆ హక్కు ఇస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో ఇలాంటి అమ్మకాలకి సాధారణంగా 14 రోజుల గడువు, అమెరికాలో 3 పనిదినాలు. రద్దు చేయకపోయినా వాళ్లు మళ్లీ మీ ఫోన్ ఎత్తరు.

హోస్ట్ గురించి అసలు ముందే చెప్పాల్సింది. ఆవిడ ఇప్పుడు మీకంటే ఎక్కువ టెన్షన్‌లో ఉండి ఉంటుంది. పిలిచింది ఆవిడ, రానిది ఆవిడ స్నేహితులు. మీ ముందు చిన్నబోయానని అనుకుంటుంది. ఒకసారి నేను నా బాధలో పడి సరిగా మాట్లాడకుండా సామాన్లు సర్దుకుని వచ్చేశాను. ఆవిడ ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడ్డా తప్పుకునేది. ఒక పార్టీ పోతే పోయింది, మనిషి దూరమైంది. ఇప్పటికీ గుర్తొస్తే బాధే. మీరు ఫోన్ చేసి ముందు థాంక్స్ చెప్పండి. గిఫ్ట్‌కి ఇంకా ఎంత తక్కువైందో దాచకుండా చెప్పండి. పార్టీ ఆర్డర్ మూసే తేదీ ఇంకా దాటకపోతే, 'రాని తొమ్మిది మందిలో నిజంగా రావాలనుకుని రాలేకపోయినవాళ్లు ఎవరు?' అని అడగండి. వాళ్లతో ముందు ఆవిడే మాట్లాడాలి. సరేనన్నవాళ్లకి మీరు క్యాటలాగ్ ఫొటోలు పంపండి. వాళ్ల నంబర్లు తీసుకుని మీరే నేరుగా చేయడం మాత్రం బాగుండదు. నాకు ఇలా రెండు మూడు ఆర్డర్లు చాలాసార్లు వచ్చాయి, కొన్నిసార్లు ఒక్కటీ రాలేదు. గిఫ్ట్ మొత్తానికి చేరకపోతే చేరలేదనే చెప్పండి. మీకు ఇవ్వాలనిపిస్తే మీ దగ్గరున్న చిన్న వస్తువు ఒకటి ఇవ్వండి, దాని ఖర్చు పార్టీ ఖర్చుల్లోనే రాసుకోండి.

కొన్న ముగ్గురికీ సరుకు అందిన వారం తర్వాత ఒక ఫోన్ చేయండి. అమ్మడానికి కాదు, ఎలా వాడుతున్నారో అడగడానికి. నాకు ఎక్కువ బుకింగ్‌లు వచ్చింది ఇలాంటి చిన్న పార్టీల తర్వాతే. ఐదుగురే ఉంటే ఒక్కొక్కరి పేరు, వాళ్లు దేనికోసం ఇబ్బంది పడుతున్నారో గుర్తుంటుంది.

ఇంకో మాట. ఇలా వరసగా నాలుగైదు పార్టీలు జరిగి, పిలుపులు సరిగా వెళ్లినా, డెమో బాగా జరిగినా, మీ చుట్టాలూ స్నేహితులూ తప్ప ఇంకెవరూ కొనకపోతే, అప్పుడు తప్పు మీలో వెతకడం ఆపండి. వస్తువుకి ఆ ధర ఎక్కువై ఉండొచ్చు, లేదా మీకు తెలిసినవాళ్లందరూ అయిపోయి ఉండొచ్చు. ప్రయాణం ఖర్చు, శాంపిళ్లు, గిఫ్టులు, మీరు పెట్టిన గంటలు అన్నీ కమీషన్‌లోంచి తీసేసి చూడండి. చేతికి ఏమీ మిగలకపోతే మానేయడం తప్పేమీ కాదు. నేను క్రీములు మానేసి ఇంట్లో వాడుకునే వేరే సరుకుకి మారింది ఆ లెక్క చూసుకున్నాకే.

మీ ఆర్డర్ మూసే తేదీ ఎప్పుడో రాయలేదు. ఇంకా రెండు రోజులైనా ఉంటే హోస్ట్‌కి ఈ సాయంత్రమే ఫోన్ చేయండి. ఏం జరిగిందో తర్వాత ఇక్కడ రాయండి, ఎదురుచూస్తాను.