పాతిక సెంట్లలో కూరగాయల దిగుబడి పెరగాలంటే ఖర్చు ముందు దేనిమీద పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాతిక సెంట్ల నేల, అంటే సుమారు 1,000 చదరపు మీటర్లు. టమాటా, వంగ, బీర వేస్తున్నారు. నారు సగం చచ్చిపోతోంది, బతికిన వాటిలో కొన్ని పచ్చగా ఉండగానే వడలిపోతున్నాయి, టమాటా కాయల అడుగున నల్లమచ్చ వస్తోంది. ఎరువు మోతాదు పెంచితే గట్టెక్కుతామా అని అడిగారు.

గట్టెక్కరు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ ఎరువు తక్కువై వచ్చింది కాదు. చిన్న కమతాల్లో నేను చూసినంతవరకు పంట ఎక్కువగా పోయేది నారుమడిలోనూ, నీటి తడుల్లోనూ. చేతిలో ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టండి.

నారు సంగతి. నేలమీద ఒత్తుగా చల్లి, రెండు పూటలా నీళ్లు పోస్తే మొదలు దగ్గర కాండం నీరుపట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, మొక్క పక్కకు వాలిపోతుంది. అదే నారుకుళ్ళు. దానికి మందుల కోసం పరిగెత్తేకన్నా ఒత్తు, తేమ తగ్గించడం మేలు. 98 గుంతల ప్రోట్రేలకు, అంటే గుంతకో మొక్క చొప్పున నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలకు మారండి. మడి మధ్య నుంచి మడి మధ్యకు మీటరున్నర, మడికి రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్లు పెట్టుకుంటే మీ నేల మొత్తానికి సుమారు 3,000 మొక్కలు పడతాయి. మొలవనివి, బక్కవి తీసేయగా సరిపోవాలంటే 35 ట్రేలు కావాలి. ట్రేకు కిలో రెండు వందల గ్రాముల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) చొప్పున 42 కిలోలు. కోకోపీట్‌ను కడగకుండా వాడితే అందులోని ఉప్పుకు ఆకు అంచులు మాడతాయి. మంచినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇలా రెండు మూడుసార్లు చేయాలి. నింపేటప్పుడు పిడికిట పట్టి గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లో తడి కనబడాలి, ధార కట్టకూడదు.

గింజను అర సెంటీమీటరు లోతున వేసి, ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి పాలిథీన్ కప్పుతారు. మొలక కనబడిన రోజే విడదీసి వెలుతురులో పరవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా సాగిపోతాయి, ఆ నారు మళ్లీ నిలదొక్కుకోదు. ఆ తర్వాత 40 నుంచి 50 మెష్ (అంగుళానికి అన్ని కన్నాలున్న) నైలాన్ వల కింద పెంచండి. వల దేనికంటే తెల్లదోమకు. అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ నారు దశలోనే సోకితే ఆ టమాటా మొక్క మీద పెట్టిన ప్రతి పైసా వృథా. వల అంచులు మట్టితో కప్పండి; పక్కన జానెడు సందు వదిలేస్తే వల ఉన్నా లేనట్టే. టమాటా 25 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు నాటుకు వస్తుంది. ఇంకా ఆగితే వేర్లు గుంతలోనే చుట్టలు చుట్టుకుని, పొలంలో పెట్టాక పక్కకు పారవు. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయండి.

మడులు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు, వానాకాలంలో 30. పశువుల ఎరువు బాగా చివికిందైతే మీ నేలకు రెండు, రెండున్నర టన్నులు సరిపోతుంది. పచ్చిపేడ తోలితే వేరుపురుగునీ కలుపు గింజల్నీ మీరే తెచ్చుకున్నట్టు. ఎరువులో నుంచి 90 కిలోలు పక్కకు తీసి, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం పొడి) కలిపి, నీడలో తడిగోనె కప్పి 7 నుంచి 10 రోజులు ఉంచండి. దాన్ని మడుల మీద, మొక్కలు నాటే వరుసల్లోనే వేయండి.

ఇక పచ్చగా ఉండగానే వడలడం. వడలిన మొక్కను పీకి, మొదలు దగ్గర కాండాన్ని అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో మంచినీళ్లలో కోసిన కొన మునిగేలా కదలకుండా పట్టుకోండి. కాసేపట్లో కోసిన చోటి నుంచి పాలలాంటి తెల్లని దారాలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దిగకపోతే శిలీంధ్రమో, వేరుపురుగో, నీరు నిలవడమో అయి ఉంటుంది. బాక్టీరియా అని తేలితే మందులకు ఖర్చుపెట్టకండి, లొంగే రకం కాదు. ఆ మొక్కను వేర్లతో సహా పొలం బయట తగలబెట్టాలి. ఆ మడి నుంచి పక్క మడికి నీరు పారకుండా కట్టడి చేయాలి. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వేస్తే పంట మార్చినట్టు కాదు. మధ్యలో మొక్కజొన్నో జొన్నో పడాలి.

అంత నేల ఖాళీగా తిప్పుకోలేని వాళ్లకు అంటుకట్టిన నారు ఉంది. టమాటా కొమ్మను తెగులు తట్టుకునే వంగ వేరుమొక్క మీద కడతారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం దీనికి సిఫారసు చేసిన వంగ రకాల్లో ఈజీ 203 ఒకటి. అది ముంపును కూడా కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. అంటు కట్టాక సుమారు వారం రోజులు తేమ గదిలో, నీడలో ఉంచాలి. చాలామంది చెడగొట్టేది నాటేటప్పుడే. అతుకు మట్టిలోకి దిగితే పైనున్న టమాటా సొంత వేర్లు వేస్తుంది, తెగులు ఆ వేర్లగుండా ఎక్కుతుంది. అతుకు నేలకు పైనే ఉండాలి, కింది నుంచి వచ్చే వంగ పిలకలు గిల్లేయాలి, మొక్కకు కర్ర కట్టాలి.

కాయ అడుగు నల్లబడటం కాల్షియం అందకపోవడం వల్ల. నేలలో కాల్షియం ఉన్నా, నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు ముంచేస్తే అది కాయదాకా చేరదు. యూరియా దంచితే ఇంకా పెరుగుతుంది. అందుకే నీళ్లు రోజూ, సమంగా. పై లెక్కన మీకు సుమారు 667 మీటర్ల మడి వస్తుంది. డ్రిప్ పెట్టి మడికి ఒక లేటరల్ (మడి పొడుగునా పరిచే సన్న పైపు), దానిమీద 30 సెంటీమీటర్లకొక డ్రిప్పర్ (నీళ్లు చుక్కలుగా వదిలేది), గంటకు 2 లీటర్లు ఇచ్చేదైతే గంటకు దాదాపు 4,400 లీటర్లు, అంటే నేలంతటా పరిస్తే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు తడి. కాయదశలో వేసవి ఎండకు గంట, గంటంబావు. లేతమొక్కకు అందులో మూడోవంతు. మోటారు లేకపోతే ట్యాంకును మీటరు, మీటరున్నర ఎత్తున పెట్టి కూడా నడపవచ్చు. అప్పుడు ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి లేటరళ్లు పొట్టిగా ఉండాలి, ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (ఒత్తిడి మారినా ఒకేలా నీళ్లిచ్చేవి) కొనకూడదు, అవి ఆ ఒత్తిడికి సరిగా పనిచేయవు. 120 మెష్ ఫిల్టర్ తప్పనిసరి. వారానికోసారి లేటరల్ కొనలు విప్పి మురికి వదలండి. కాల్షియం నైట్రేట్‌ను 19:19:19తో (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) ఒకే డ్రమ్ములో కలపకండి, తెల్లగా విరిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. చెరో రోజు ఇవ్వండి.

మడి మీద పరిచే మల్చింగ్ షీటు (ప్లాస్టిక్ పొర) 25 లేదా 30 మైక్రాన్ల మందానిది, వెండిరంగు పైకి. వేసే ముందు నేల తడిపి, షీటు బిగుతుగా లాగండి. రంధ్రం అంచు లేతకాండానికి తగిలితే ఎండవేడికి మెడ మాడిపోతుంది.

పురుగుల గురించి అంతా రాస్తే తెమలదు. టమాటాకు 16 వరుసలకొక వరుస బంతి. 25 రోజుల టమాటా నారుతోపాటు 40-45 రోజుల బంతి నారు పెట్టాలి, అప్పుడే రెండూ ఒకేసారి పూతకొచ్చి కాయతొలిచే పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. చుట్టూ రెండు మూడు వరుసల జొన్న రెండు వారాలు ముందే విత్తండి.

బీరకు పందిరి వేయండి, కాయ వంకరపోదు, నేల తగిలి కుళ్లదు. పండుఈగకు ఎరలు కొనేటప్పుడు మిథైల్ యూజినాల్ అంటగడతారు. అది మామిడి ఈగకు పనికొస్తుంది, తీగకూరల ఈగకు కావలసింది క్యూలూర్. మీ నేలకు రెండు మూడు ఎర బుట్టలు చాలు, కానీ వాటిలో పడేవి మగ ఈగలే, కాబట్టి ఈగ కుట్టి పుచ్చిన కాయలు ఏరి అర మీటరు లోతున పూడ్చడం మానకూడదు. ఇంకో సంగతి: మందు సాయంత్రం కొట్టమనే సలహా బీరకు నప్పదు. బీర పువ్వు విచ్చేదే సాయంత్రం, అప్పుడే కీటకాలు వాలతాయి. ఆ వేళ కొడితే పిందె నిలవదు. కొట్టక తప్పకపోతే తెల్లవారుజామున కొట్టండి. ఈగలూ తేనెటీగలూ అసలే తక్కువ ఉన్నచోట సాయంత్రం విచ్చిన మగపువ్వును తుంచి, రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో అద్దితే సరి.