బ్రిటన్‌లో పురావస్తు ఉద్యోగం: నలభై దరఖాస్తులకూ జవాబు రాకపోతే

ఎమ్మే చేసి, బ్రిటన్‌లో పురావస్తు ఉద్యోగాలకు కర్నూలు నుంచి నలభై దరఖాస్తులు పంపినా ఒక్క జవాబూ రాలేదని మీరు రాశారు. లోపం మీ ఎమ్మేలో ఉండకపోవచ్చు. విదేశీయులకు వీసా స్పాన్సర్ చేసే లైసెన్సే లేని కంపెనీలకు పంపి ఉంటారు.

1. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా ఉచితం. డౌన్‌లోడ్ చేసుకోండి.

2. అందరూ పొరబడేది ఇక్కడే. ప్రకటనలో పేరు ఒకటి, జాబితాలో రిజిస్టరైన పేరు ఇంకొకటి ఉండొచ్చు. కంపెనీ సైట్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉండే పేరుతో వెతకండి. దొరికాక ‘రూట్’ గడి చూడండి. అక్కడ ‘స్కిల్డ్ వర్కర్’ అని ఉండాలి. తాత్కాలిక రూట్ ఒక్కటే ఉంటే మీకు పనికిరాదు. జీతం కూడా ఆ వీసా పరిమితిని అందుకోవాలి. ట్రైనీ జీతాలు అందుకోవు, వాటికి టైమ్ వేస్ట్ చేయకండి.

3. ఖాళీలకు బీఏజేఆర్ (బ్రిటిష్ ఆర్కియాలజీ జాబ్స్ అండ్ రిసోర్సెస్) సైట్ చూడండి.

4. సీవీలో ‘బిల్లసర్గం గుహల సర్వేలో పాల్గొన్నాను’ అంటే చాలదు. ఎన్ని వారాలు తవ్వారు, ఎన్ని కాంటెక్స్ట్ షీట్లు (తవ్వకంలో ఒక్కో పొర వివరాలు రాసే ఫారాలు) నింపారు, సెక్షన్ డ్రాయింగ్ (తవ్విన గోడలో పొరల బొమ్మ) చేత్తో గీశారా, అవి రాయండి. జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతం బూడిద పొర మీద పనిచేసి ఉంటే మొదటి లైన్‌లోనే పెట్టండి. అది బ్రిటన్‌లోని పురావస్తు నిపుణులకూ తెలిసిన పేరే.

వీసా కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు మిమ్మల్ని డబ్బు కట్టమనే కన్సల్టెన్సీ అయితే ఫోన్ పెట్టేయండి.