రివ్యూలు రాస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, బట్టల కొట్టు. అమ్మాయి ప్లస్‌టూ ఆర్ట్స్ చదువుతోంది. సినిమాలు, నాటకాలు, నవలల మీద విమర్శలు రాయడమే తన వృత్తి అంటోంది. బీఈడీ చేస్తే చాలని నా ఆశ. ఆ రాతల మీద తిండి దొరుకుతుందా? – ఒక తండ్రి

జవాబు: ఒక్క రివ్యూల మీదే ఇల్లు నడుపుకునేవాళ్లు చాలా తక్కువండీ. పత్రికల్లో ఆ పని ఎక్కువగా సబ్ ఎడిటర్ల నెత్తిన పడుతుంది. రోజూ వార్తలు దిద్దుతూనే శుక్రవారం సినిమా చూసొచ్చి రాస్తారు. బయటివాళ్లకైతే వ్యాసానికింతని ఇస్తారు, అదీ ఆలస్యంగా. కాబట్టి నెల జీతం వచ్చే పని ఒకటి పక్కన ఉండాలి. అది మీరు కోరుకునే టీచరు ఉద్యోగమైనా సరే. తెలుగులో పేరున్న సాహిత్య విమర్శకుల్లో చాలామంది పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లే. ఈ విషయంలో మీరూ అమ్మాయీ గొడవ పడాల్సిన పనే లేదు.

డిగ్రీలో సాహిత్యం ఉండే బీఏ చాలు. ఆ తర్వాత జర్నలిజం అంటే మీ ఒడిశాలోనే, ఢెంకనాల్‌లో ఐఐఎంసీ (కేంద్ర ప్రభుత్వ జర్నలిజం విద్యాసంస్థ) క్యాంపస్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో కమ్యూనికేషన్, థియేటర్, కళల చరిత్ర మూడింటికీ పీజీలున్నాయి. నాటకం, చిత్రకళ మీద రాయాలనుకుంటే నా ఓటు దీనికే. సినిమా మీదే మనసుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఫిల్మ్ అప్రీసియేషన్ కోర్సు డిగ్రీ అయ్యాక చూడొచ్చు.

మీ ఊళ్లో ఉండటం అమ్మాయికి పెద్ద కలిసొచ్చే విషయం. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడతారు, ఇటు శ్రీకాకుళం వైపు తూర్పు భాగవతం అనే జానపద నాటకం. ఊరూరా తిరిగి నాటకాలాడే ఒడియా జాత్రా పార్టీలు సరేసరి. ఇవన్నీ చూసి పోల్చి రాయగల మనిషి హైదరాబాద్ పత్రికల డెస్కుల్లో అంత తేలిగ్గా దొరకరు. సినిమా రివ్యూలు ఎవరైనా రాస్తారు, ముందు వీటి మీద రాయమనండి. రివ్యూలో కథ చెప్పడం మూడు వాక్యాలు దాటకూడదు. ఏ నటుడు ఏ సీనులో ఏం చేశాడు, పాట ఎక్కడ సాగింది, జనం ఎక్కడ లేచి వెళ్లారు... ఇవి రాయాలి. యూట్యూబ్ చూసి స్టార్లు వేయడం అలవాటైతే మాత్రం అది పోగొట్టడం కష్టం! నిర్మాత దగ్గర డబ్బు తీసుకుని రాసింది విమర్శ కాదు, ప్రకటన. ఇది ఇప్పుడే చెప్పండి. ఒకసారి పేరు పోతే సంపాదకులు మళ్లీ రాయించుకోరు.

నాకున్న అనుమానం వేరే. మీ వైపు పిల్లలు ఒడియాలో, ఇంగ్లిష్‌లో చదువుతారు, తెలుగు ఇంట్లో మాట్లాడతారు. మరి రాయగలరా? అమ్మాయి తెలుగులో తప్పుల్లేకుండా ఒక పేజీ రాయలేకపోతే ఈ సెలవుల్లో కోచింగ్ మాట పక్కనపెట్టి రోజూ తెలుగు పేపరు సంపాదకీయం చదివించండి, ఒక చిన్న కథ గురించి సొంత మాటల్లో రాయించండి. ఒడియా మాత్రం వదలనివ్వకండి.