కొలాజన్ వీడియోలో తాడు జరుగుతున్నట్టే ఉంది, మూడు పోగులు అర్థమయ్యేలా ఎలా చూపాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: చెన్నైలో ప్లస్ టూ పిల్లలకు ఎనిమిది నిమిషాల్లో కొలాజన్ (చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్) నిర్మాణం చెప్పాలి. అణువుల్ని 3డీలో చూపే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో 1సీఏజీ అనే నిర్మాణ ఫైలు తెరిచి, పడుకోబెట్టి, 360 డిగ్రీలు తిప్పి వీడియో తీశారు. చూసినవాళ్లు "తాడేదో పక్కకు జరుగుతోంది" అంటున్నారు.

వాళ్లకు నిజంగానే అలా కనిపిస్తుంది. పురి ఉన్న వస్తువును దాని పొడవు అక్షం చుట్టూ తిప్పితే, కంటికి అది పక్కకు పాకుతున్నట్టు ఉంటుంది. మరమేకును తిప్పుతూ దాని గాడుల్ని చూడండి, తెలుస్తుంది. నీడలు లేకపోతే పురి కుడివైపా ఎడమవైపా అన్నది కూడా తారుమారవుతుంది. కొలాజన్‌లో ఒక్కో పోగుది, అంటే అమైనో ఆమ్లాల గొలుసుది, ఎడమ పురి, మూడూ కలిసి పెనవేసుకున్నది కుడి పురి. అది తప్పుగా కనపడితే పాఠమే తప్పుతుంది. కాబట్టి ఆ అక్షం మీద తిప్పడం మానేయండి. మొదటి క్లిప్‌లో రాక్ కమాండ్‌తో నిలువు అక్షం మీద 30 డిగ్రీల మేర ఇటూ అటూ ఊపండి, ఒక ఊపుకు 150 ఫ్రేములు, అంటే సెకనుకు 25 చొప్పున ఆరు సెకన్లు. లైటింగ్ సాఫ్ట్ పెట్టండి, సిల్హౌట్ (అంచుల చుట్టూ గీత) ఆన్ చేయండి, వెనక తెలుపు. హాల్లో లైట్లు వెలుగుతుంటే నల్ల బ్యాక్‌గ్రౌండ్ బూడిదరంగులోకి పోతుంది. పోగులకు నీలం, నారింజ, లేత బూడిద చాలు. ఎరుపు వద్దు, ఆక్సిజన్ పరమాణువులకు అది కావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1సీఏజీ అచ్చమైన కొలాజన్ కాదు. ఒక్కో పోగులో 30 అమైనో ఆమ్లాలున్న పెప్టైడ్ (పొట్టి గొలుసు) అది, నడుమ ఒక గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో కావాలనే అలనిన్ అనే మరొకటి పెట్టారు. ఇది పిల్లలకు చెప్పకుండా చూపడం సరికాదు, చెబితే మాత్రం మీ ప్రసంగానికి అదే ప్రాణం. 1954లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా మూడు పోగుల నమూనా ఇచ్చినప్పుడు పట్టుకున్న ఆధారాల్లో ఒకటి, కొలాజన్‌లో దాదాపు ప్రతి మూడోది గ్లైసిన్ కావడం. అడయార్‌లో సీఎల్‌ఆర్‌ఐ (కేంద్ర తోలు పరిశోధన సంస్థ) ఆడిటోరియానికి ట్రిపుల్ హెలిక్స్ (మూడు పోగుల పురి) అన్న పేరు కూడా ఈ నిర్మాణానిదే. ప్రతి మూడోది గ్లైసినే ఎందుకు అన్న ఒక్క ప్రశ్నకే మీ రెండో, మూడో క్లిప్పులు జవాబు చెప్పాలి.

రెండో క్లిప్: పోగులన్నీ 80 శాతం పారదర్శకం చేసి, గ్లైసిన్‌లను మాత్రం గోళాలుగా, ముదురు రంగులో చూపండి. అన్నీ నడి అక్షానికి అంటుకుని కనిపిస్తాయి. ఇప్పుడు హెలిక్స్ కొస మన వైపు వచ్చేలా 90 డిగ్రీలు మళ్లించండి, ఫ్రేముకు 1.2 డిగ్రీల చొప్పున 75 ఫ్రేములు. దీన్ని కట్ చేసి నేరుగా కొస దృశ్యానికి దూకితే, ఇందాకటి తాడూ ఈ గుండ్రటి బొమ్మా ఒకటేనని సగంమందికి తెలియదు. మళ్లాక రెండు సెకన్లు కదలకుండా ఉంచండి.

మూడో క్లిప్పుకు ఒక్కో పోగులో మూడేసి అమైనో ఆమ్లాలు, అంటే అక్షం పొడవునా సుమారు 9 ఆంగ్‌స్ట్రామ్‌ల ముక్క, ఉంచి మిగతావి దాచేయండి. దాచకుండా క్లిప్పింగ్ ప్లేన్‌తో (బొమ్మను కోసి చూపే తలంతో) కోస్తే గోళాలు బోలుగా తెగి గందరగోళంగా ఉంటుంది. లోపల పోగుకొకటి చొప్పున మూడు గ్లైసిన్‌లు, ఒక్కో మెట్టు తేడాతో, ఇరుక్కుని కూర్చుంటాయి. పక్కగొలుసుగా ఒక్క హైడ్రోజన్ ఉన్న గ్లైసిన్‌కే అక్కడ చోటు. తర్వాత అదే సైజు ముక్క నడిమి అలనిన్ దగ్గరిది చూపండి. అదనంగా వచ్చిన ఆ ఒక్క మిథైల్ గుంపుకే పోగులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి, మధ్యలోకి నీటి అణువులు దూరతాయి. నీళ్లను ముందే డిలీట్ చేసి ఉంటే ఫైలు మళ్లీ తెరవండి. టైప్ 1 కొలాజన్‌లో ఇలా గ్లైసిన్ మారిపోవడమే, ఎముకలు పెళుసుబారే ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టాకు ఒక కారణమని ఇక్కడ చెప్పండి.

తరచూ జరిగే పొరపాటు: స్క్రిప్టులో టర్న్ (తిప్పే కమాండ్) తర్వాత అన్నే ఫ్రేములకు వెయిట్ (ఆగే కమాండ్) రాయకపోవడం. టర్న్ 75 ఫ్రేములైతే వెయిట్ 75 ఉండాలి, లేకుంటే తర్వాతి కమాండ్ అప్పుడే మొదలై వీడియో సగంలో తెగిపోతుంది. పీఎన్‌జీ బొమ్మలుగా తీసిన ఫ్రేముల్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో వీడియోగా కలిపేవాళ్లు పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ అని ఇవ్వాలి. ఇవ్వకపోతే మీ ల్యాప్‌టాప్‌లో ఆడిన వీడియో హాలులోని పవర్‌పాయింట్‌లో ఆడకపోవచ్చు. స్లైడు అందం కోసం బొమ్మను అడ్డంగా ఫ్లిప్ చేయకండి, కుడి పురి ఎడమ పురి అయిపోతుంది.

ప్రతి క్లిప్ చివరి ఫ్రేమును బొమ్మగా సేవ్ చేసి, అదే సైజులో తర్వాతి స్లైడులో పెట్టండి. వీడియో ఆగాక పిల్లలు ప్రశ్న అడిగితే ఆ నిశ్చలచిత్రం మీద వేలు పెట్టి చూపవచ్చు.