శాంపిల్ బాగుంది, బ్యాచ్ పాడైంది: వర్క్‌షాపుకు డబ్బు ఆపవచ్చా?

ప్రశ్న: పాత బుల్లెట్ బండ్లకు విడిభాగాలు చేయించి విజయవాడలో అమ్ముతుంటాను. శాడిల్ స్టే (బండి పక్కన సంచులను ఆపే కమ్మీ) తగిలించే బ్రాకెట్లు 60, నా డ్రాయింగ్ ప్రకారం ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. 6 ఎం.ఎం. ప్లేటు వాళ్లదే. పీసు 450 రూపాయలు, సగం అడ్వాన్సు ఇచ్చాను. వంచడానికి డై (అచ్చు) చేయించి 18,000 విడిగా కట్టాను. శాంపిల్ చక్కగా కూర్చుంది. తొమ్మిది రోజుల కిందట వచ్చిన సరుకులో మాత్రం 22 పీసులకు బోల్టు రంధ్రం కోలగా సాగి, 2 ఎం.ఎం. పక్కకు జరిగింది. ‘మీ డ్రాయింగే అంత’ అంటున్నారు. బాకీ తీరిస్తేనే డై ఇస్తారట. అదే బ్రాకెట్ ఇంకో షాపులోనూ కనిపించింది. ఏం చేయాలి? ఇకమీదట సైలెన్సర్లు, పొడుగు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టే గొట్టాలు) కూడా చేయించవచ్చా?

జవాబు: ముందుగా ఆ 22 పీసుల మీద డ్రిల్లు పెట్టకండి. రంధ్రం కాస్త పెద్దది చేసి సర్దేద్దామని అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే సరుకును అంగీకరించినట్టేనని వస్తు విక్రయ చట్టం (1930) సెక్షన్ 42 కింద అవతలివాళ్లు వాదిస్తారు. వాటిని విడిగా కట్టి పెట్టి, వెర్నియర్ (కొలిచే పరికరం) ఆనించి రీడింగ్ కనబడేలా ఫొటోలు తీయండి.

రెండోది, ఈరోజే రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. ఆ వర్క్‌షాపుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే, అలాంటి సంస్థల కోసం చేసిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం (2006) వర్తిస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లోపు రాసి ఇవ్వకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఆపైన బాకీకి రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. ఫోనులో గొడవపడితే అది అభ్యంతరం కిందికి రాదు. ఈమెయిల్ చేసి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి.

ఇక లెక్క. జీఎస్టీ పక్కన పెడితే మొత్తం 27,000, మీరిచ్చింది 13,500. పాడైన 22 పీసుల ధర 9,900. బాకీలోంచి అది తీసేసి 3,600 ఇప్పుడే కట్టేయండి. మొత్తం ఆపితే తప్పు మీవైపు తిరుగుతుంది. ఇక్కడో మెలిక ఉంది. బాగున్న 38 పీసులు మీరు తీసుకున్నారు కాబట్టి, ఆర్డరు అంతా ఒకటే ఒప్పందమైతే మిగతావాటిని తిరస్కరించే హక్కు వస్తు విక్రయ చట్టం సెక్షన్ 13(2) వల్ల పోతుంది. అయినా సెక్షన్ 59 కింద ధర తగ్గించుకోవచ్చు, చేతికి వచ్చే ఫలితం దాదాపు ఒకటే. ఆర్డరు అంతా ఒకటే ఒప్పందం కాదని వాదించడానికి, పీసు లెక్కన ధర రాసుకోవడం మీకు కలిసొస్తుంది.

‘డ్రాయింగే తప్పు’ అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. రంధ్రం వంపు గీతకు మరీ దగ్గరగా ఉంటే, ప్లేటు వంగేటప్పుడు లోహం సాగి రంధ్రం కోలగా మారుతుంది. మీ డ్రాయింగ్‌లో ఆ దూరం తక్కువైతే, వాళ్లు ముందే హెచ్చరించారని రుజువు చేస్తే, మీ కేసు బలహీనపడుతుంది. కానీ అదే డ్రాయింగుతో శాంపిల్ సరిగ్గా వచ్చింది, 38 పీసులూ సరిగ్గానే వచ్చాయి. శాంపిల్‌కు సరిపోయే సరుకే ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 17 చెబుతోంది. కాబట్టి వంచేటప్పుడు ప్లేటును ఆపే స్టాపర్ జరిగి ఉండవచ్చు, అదైతే వర్క్‌షాపు పని లోపం. ఈసారి ఆర్డరులో డ్రాయింగ్ నంబరు, ప్లేటు గ్రేడు, రంధ్రం టాలరెన్సు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో) రాయించండి. ఇద్దరూ సంతకం చేసిన శాంపిల్‌ను సీలు వేసి మీ దగ్గరే ఉంచుకోండి.

డై సంగతి బిల్లు తేలుస్తుంది. ‘డై ఖర్చు 18,000’ అని విడిగా ఉండి, డబ్బు మీరు కట్టి ఉంటే అది మీదేననడానికి గట్టి ఆధారం. బ్రాకెట్ల బాకీకి దాన్ని పట్టుకునే హక్కు మామూలుగా వాళ్లకు లేదు. మీరు పంపే అభ్యంతరంలో డైని విడిగా అడగండి.

కాపీ విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోకండి. అమ్మకానికి వెళ్లిన డిజైన్‌కు కొత్తదనం పోతుంది, డిజైన్ల చట్టం (2000) కింద ఇప్పుడు రిజిస్ట్రేషన్ కష్టం. రిజిస్టర్ కాగల డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా 50 కంటే ఎక్కువసార్లు తయారు చేయిస్తే కాపీరైటు కూడా పోతుంది (కాపీరైటు చట్టం, సెక్షన్ 15(2)). మీరు చేయించినవి 60! ఇకముందు ‘నా డ్రాయింగ్, నా డై ఇతరులకు వాడకూడదు’ అని ఒప్పందంలో రాయించుకోండి. ‘ఇంకెవరికీ బ్రాకెట్లు చేయకూడదు’ అని మాత్రం రాయించకండి. అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద సాధారణంగా చెల్లదు.

తిరిగి అమ్మడానికి కొన్నారు కనుక వినియోగదారుల కమిషన్ మీకు పనికిరాదు. సివిల్ కోర్టే దారి.

సైలెన్సర్లు, ఫోర్కుల విషయం వేరు. వాటికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. బోల్టుతో బిగించే శాడిల్ స్టే బండి మూల స్వరూపాన్ని మార్చదు. పొడుగు ఫోర్కు మాత్రం మారుస్తుంది. దొరికితే బండి యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ (సెక్షన్ 182ఎ(4)). కీలక భద్రతా భాగంగా కేంద్రం నోటిఫై చేసిన వస్తువును ప్రమాణాలకు విరుద్ధంగా అమ్మితే మీకే ఒక్కో భాగానికి లక్ష జరిమానా లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. ‘ప్రదర్శనకు మాత్రమే’ అని స్టిక్కరు వేసినంత మాత్రాన తప్పించుకోలేరు. పైగా ఎవరో చేసిన వస్తువు మీద మీ బ్రాండు ముద్ర వేస్తే, వినియోగదారుల రక్షణ చట్టం (2019) దృష్టిలో తయారీదారు మీరే. ఫోర్కు విరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మిమ్మల్నే అడుగుతారు.