ఎముక అతికిందో లేదో ఏ స్కానింగ్ చెబుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరి దింపు తీసేవాడిని. ఎనిమిది నెలల కిందట నడుములో ఎల్4-ఎల్5 అనే రెండు పూసలు ఒకటిగా అతకాలని నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు. కాలు గుంజడం పోయింది గానీ సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. మొన్నటి ఎక్స్‌రే రిపోర్టులో ఎముక పూర్తిగా అతికినట్టు లేదని రాశారు. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. ఎమ్మారై తీయించమని మా బావమరిది అంటున్నాడు. ఆ అయస్కాంతం స్క్రూల్ని లాగేస్తుందని ఇంకొకరు భయపెట్టారు. మళ్లీ చెట్టెక్కగలనా? చుట్ట ఇంకా మానలేదండి.

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఎనిమిది నెలలకు ఎముక పూర్తిగా అతకకపోవడం వింత కాదు. ఏడాది పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే.

కాలవ గట్టుకు గండి పడితే సరుగుడు గుంజలు పాతి మట్టి కూరతాం కదా, మీ స్క్రూలు ఆ గుంజల్లాంటివి, అతకాల్సిన ఎముక ఆ మట్టి లాంటిది. మట్టి గట్టిపడకపోతే గుంజలు కదులుతాయి. అందుకే ఎక్స్‌రే చేతికి రాగానే స్క్రూ చుట్టూ సన్నటి నల్ల అంచు ఉందేమో చూస్తాను. స్క్రూ వదులైతే చుట్టూ ఎముక అరిగి ఆ నలుపు వస్తుంది. ముందుకు వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి తీయించి పోల్చితే కదలిక తెలుస్తుంది. అయితే రాడ్లు గట్టిగా పట్టి ఉంచితే అతకని ఎముక కూడా కదలనట్టే కనిపిస్తుంది. ఆ అనుమానం తీర్చేది సీటీ స్కాన్. ఒక పూస నుంచి ఇంకో పూసకు ఎముక పాకిందో లేదో అందులో బాగా తెలుస్తుంది. కానీ దాని రేడియేషన్ ఎక్స్‌రే కంటే చాలా ఎక్కువ. ఏడాది నిండాక, మీ సర్జన్‌కు అవసరమనిపిస్తేనే తీయించండి.

ఎమ్మారై ముఖ్యంగా నరాల కోసం. కాలు మళ్లీ గుంజితేనో, తిమ్మిరెక్కితేనో దాని అవసరం వస్తుంది. టైటానియం స్క్రూలను అయస్కాంతం లాగదు, వాటి చుట్టూ బొమ్మ చెదురుతుందంతే. ఏ లోహమో డిశ్చార్జి కాగితంలో చూసి స్కానింగ్ వాళ్లకు ముందే చెప్పండి. కాలు పట్టు తప్పినా, ఒంటికి పోసుకోవడంలో తేడా వచ్చినా, జ్వరంతో నొప్పి పెరిగినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మా అమ్మకూ ఇదే ఆపరేషన్ అయింది. ఏడాదికి తీసిన సీటీలో ఒక పక్క అతికింది, రెండో పక్క వెంట్రుకంత గీత మిగిలిపోయింది. ఆ గీత చూసి నేను బెంగపడ్డాను. ఆవిడ అప్పటికే నొప్పి లేకుండా రోజూ గుడికి నడిచి వెళ్లొస్తోంది. మళ్లీ కోత పెట్టించలేదు.

చుట్ట మాత్రం ఈ రోజే మానేయండి. లంక పొగాకైనా ఇంకేదైనా నికోటిన్ నికోటినే, ఎముక అతకడానికి అడ్డం పడుతుంది. చెట్టు సంగతి ఇప్పుడు వద్దు. ఎముక అతికాక కూడా సర్జన్‌ను అడక్కుండా ఎక్కకండి.

ఆపరేషన్ మర్నాటి ఎక్స్‌రే నుంచి ఫిల్ములన్నీ పట్టుకెళ్లండి. పాతవి పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. చుట్టచుట్టి అటక మీద పడేస్తే మన చెమ్మకు ఒకదానికొకటి అంటుకుపోతాయి. కవర్లో పెట్టి బీరువాలో పరిచి ఉంచండి.